రాజభవనం లేని రాజోద్యానం: మాడ్రిడ్ రెతీరో పార్కును తీరిగ్గా చూడటం ఎలా?

మాడ్రిడ్ వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది రెతీరో పార్కుకు వెళ్తారు. చెరువు దగ్గర ఫొటో దిగుతారు, కాసేపు నీడలో కూర్చుంటారు, గంటలో బయటికి వచ్చేస్తారు. అందమైన పార్కు చూశామన్న తృప్తి ఉంటుంది గానీ, నాలుగు వందల ఏళ్ళ చరిత్ర పక్కనే ఉన్నా కంటపడదు. దీనికి ముఖ్య కారణం వాళ్ళు లోపలికి వెళ్ళే దారి. మెట్రో దిగగానే ఎదురుగా కనిపించే గేటులోంచి వెళ్తే నేరుగా చెరువు దగ్గర తేలుతారు. అసలు కథ పడమటి వైపున మొదలవుతుంది. ఈ గైడ్‌లో నేను చెప్పే దారి అక్కడి నుంచే.

ముందుగా తెలుసుకోవలసిన కథ

1630లలో స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ కోసం ఆయన మంత్రి ఒలివారెస్ దొర ఊరి తూర్పు అంచున ఒక విలాస భవనం కట్టించాడు. శాన్ హెరోనిమో మఠం పక్కన రాజకుటుంబానికి అంతకుముందే కొన్ని గదులు ఉండేవి. వాటికి ఒక్కో కట్టడం అతికిస్తూ పోతే కొన్నేళ్ళలోనే అది పెద్ద రాజభవనమైంది. పేరు బుయెన్ రెతీరో. పని హడావిడిగా జరిగింది, ఎక్కువగా ఇటుకతోనే కట్టారు. బయటికి సాదాగా ఉండేది, లోపల మాత్రం బొమ్మలు, తివాచీలు, బంగారం. ఒకపక్క యుద్ధాలు, మరోపక్క పన్నుల భారం ఉన్న రోజులు కావడంతో జనం దీన్ని ఎగతాళిగా ‘కోళ్ళగూడు’ అనేవారు.

1734లో ఊళ్ళోని పాత కోట కాలిపోయింది. కొత్త రాజభవనం సిద్ధమయ్యేదాకా, అంటే దాదాపు ముప్పై ఏళ్ళు, రాజకుటుంబం ఇక్కడే ఉంది. ఆ తర్వాత దీని దశ తిరగబడింది. 1808లో నెపోలియన్ సైన్యం మాడ్రిడ్‌ను పట్టుకుని ఇక్కడ మకాం వేసింది, తోటను కోటగా మార్చింది. 1812లో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ సైన్యం దీన్ని స్వాధీనం చేసుకుంది. యుద్ధం ముగిసేసరికి భవనంలో మిగిలింది కొంచెమే. 1865లో ఇసబెల్ రాణి భవనం ఉన్న పడమటి భూమిని అమ్మకానికి పెట్టించింది. వచ్చిన డబ్బులో పావు వంతు ఆమే ఉంచుకుంటుందని తెలిసి పెద్ద గొడవ జరిగింది. 1868లో విప్లవం వచ్చి ఆమె దేశం విడిచి వెళ్ళాక, మిగిలిన తోట నగరపాలక సంస్థ చేతికి వచ్చి అందరిదీ అయింది.

ఇందులో గుర్తుపెట్టుకోవలసింది ఒకటే. ఇప్పుడు మనం నడిచే పార్కు ఆ భవనానికి తోట మాత్రమే. భవనం ఉన్న చోటు పార్కు బయట, ఆల్ఫోన్సో పన్నెండో రాజు పేరుతో ఉన్న రోడ్డుకు అవతల ఉంది. లోపలెక్కడో రాజభవనం ఉంటుందని మ్యాపు పట్టుకుని వెతికేవాళ్ళు చాలామంది. అక్కడ దొరకదు.

ఎప్పుడు వెళ్ళాలి?

ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం వరకు, మళ్ళీ అక్టోబర్ చివరి నుంచి నవంబర్ మధ్య వరకు వెళ్తే బాగుంటుంది. గులాబీల కోసమైతే మే నెల. ఆకులు రంగు మారడం చూడాలంటే నవంబర్. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఎండ మన వేసవికి ఏమాత్రం తీసిపోదు. ఆ నెలల్లో వెళ్తే ఉదయం ఎనిమిదికల్లా లోపల ఉండండి, లేదంటే రాత్రి ఏడు తర్వాత వెళ్ళండి. అక్కడ వేసవిలో తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది.

ఆదివారం కావాలా, పనిదినం కావాలా అన్నది మీ ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఆదివారం చెరువు గట్టంతా పాటగాళ్ళు, తోలుబొమ్మలవాళ్ళు, పిల్లలతో కిటకిటలాడుతుంది. మాడ్రిడ్ జనం ఎలా బతుకుతారో చూడాలంటే ఆ రోజే వెళ్ళాలి. చరిత్ర చూడాలంటే మాత్రం మంగళ, బుధవారాల ఉదయం మేలు.

ప్రవేశం ఉచితం. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు ఉదయం 6 నుంచి రాత్రి 12 దాకా, మిగతా నెలల్లో రాత్రి 10 దాకా తెరిచి ఉంటుంది. ఒక హెచ్చరిక: గాలి బలంగా వీస్తుందన్నా, వాతావరణ హెచ్చరిక వచ్చినా పార్కును కొంత మేరకో మొత్తంగానో మూసేస్తారు. 2018లో ఇక్కడ చెట్టు కూలి ఒక చిన్నారి ప్రాణం పోయింది. 2021 జనవరిలో ఫిలోమెనా మంచు తుఫాను వేల చెట్లను దెబ్బతీసింది. అందుకే ఈ విషయంలో రాజీ పడరు. కాబట్టి మాడ్రిడ్‌లో ఉండే చివరి రోజుకు రెతీరోను వాయిదా వేయకండి. బయలుదేరే ముందు నగరపాలక సంస్థ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

వెంట ఏం ఉండాలి?

నడక చెప్పులో, బూట్లో ముఖ్యం. పార్కు దాదాపు 125 హెక్టార్లు, అంటే మన లెక్కలో మూడు వందల ఎకరాలకు పైనే. దారులు చాలావరకు మట్టివి. నీళ్ళ సీసా ఖాళీగా తీసుకెళ్ళినా ఫర్వాలేదు. లోపల తాగునీటి కొళాయిలు ఉన్నాయి, మాడ్రిడ్ కొళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు. తినడానికి ఏదైనా బయటే కొనుక్కుని వెళ్ళండి. చెరువు పక్క కియోస్కుల్లో కాఫీకి, శాండ్‌విచ్‌కి ఊళ్ళో కంటే ఎక్కువ తీసుకుంటారు. గడ్డి మీద దుప్పటి పరుచుకుని తింటే ఎవరూ ఏమీ అనరు, అక్కడివాళ్ళంతా అదే చేస్తారు.

మొదటి అడుగు: భవనం మిగిలిన చోటు

ప్రాదో మ్యూజియం పక్క నుంచి ఫెలీపె నాలుగో వీధి (నాలుగో ఫిలిప్ పేరే, స్పానిష్‌లో) ఎత్తుకు ఎక్కుతుంది. నడక అక్కడ మొదలుపెట్టండి. మెట్రోలో వస్తే రెండో లైన్‌లో బాంకో దె ఎస్పాన్యా స్టేషన్‌లో దిగి పది, పదిహేను నిమిషాలు నడవాలి. వీధి పైకి వెళ్తుంటే కుడి చేతి వైపు శాన్ హెరోనిమో చర్చి శిఖరాలు కనిపిస్తాయి. ఎడమ పక్కన ఇటుకతో కట్టిన పొడవాటి కట్టడం ఉంటుంది. అదే సలోన్ దె రేయ్‌నోస్, రాజ్యాల సభామందిరం. భవనంలో మిగిలిన రెండు ముక్కల్లో ఇది మొదటిది. రాజు సింహాసనం ఇక్కడే ఉండేది. గోడల మీద స్పెయిన్ రాజు ఏలిన 24 రాజ్యాల చిహ్నాలు, వాటి కింద వెలాస్కెజ్, జుర్బరాన్ వంటి చిత్రకారులు వేసిన పెద్ద బొమ్మలు. చాలాకాలం ఇందులో సైనిక మ్యూజియం నడిచింది. ఇప్పుడిది ప్రాదోది. నార్మన్ ఫోస్టర్, కార్లోస్ రుబియోల డిజైన్ ప్రకారం మరమ్మతు పనులు చేపట్టారు. లోపలికి పంపుతున్నారో లేదో వెళ్ళేముందు ప్రాదో వెబ్‌సైట్‌లో చూడండి. బయటి నుంచే అయినా ఐదు నిమిషాలు నిలబడి చూడండి.

ఇంకొంచెం పైకి వెళ్తే కసోన్ దెల్ బుయెన్ రెతీరో. ఇది రాజుగారి నాట్యశాల. స్తంభాలతో ఉన్న ముఖద్వారం తర్వాతి కాలంలో పెట్టింది గానీ, లోపల లూకా జోర్దానో వేసిన పైకప్పు చిత్రం పాతదే. ఇప్పుడు ప్రాదో వారి అధ్యయన కేంద్రం, గ్రంథాలయం ఇందులో ఉన్నాయి కాబట్టి మామూలుగా సందర్శకులు లోపలికి వెళ్ళలేరు.

ఈ రెండు కట్టడాల మధ్య నిలబడి చుట్టూ చూడండి. అపార్ట్‌మెంట్లు, పార్క్ చేసిన కార్లు, నడిచిపోయే జనం. ఇవన్నీ ఉన్న నేల మీదే రాజభవనం ప్రాంగణాలు ఉండేవి. పార్కు మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన చోటు ఏదంటే, పార్కు బయట ఉన్న ఈ నాలుగు వీధుల కూడలే అంటాను.

రెండో అడుగు: ఫెలీపె ద్వారం, పార్తెర్ తోట

కసోన్‌కు ఎదురుగా రోడ్డు దాటితే ఫెలీపె నాలుగో ద్వారం. 1680లో, అప్పటి కొత్త రాణి ఊళ్ళోకి వచ్చే సందర్భంగా కట్టిన రాతి గేటు ఇది. ఇప్పుడున్న చోటుకు 1922లో మార్చారు. దాన్ని దాటగానే పార్తెర్ తోట, ఫ్రెంచ్ పద్ధతిలో కొలిచి గీసినట్టు కత్తిరించిన పొదలు.

లోపలికి వచ్చాక పొదల వైపు కాకుండా ముందు ఒక చెట్టు దగ్గరికి వెళ్ళండి. చుట్టూ కంచె ఉంటుంది, కాబట్టి గుర్తుపట్టడం తేలిక. మెక్సికోకు చెందిన సైప్రస్ జాతి, అక్కడివాళ్ళు అవెవెతె అంటారు. మాడ్రిడ్‌లో అన్నిటికంటే ముసలి చెట్టు ఇదేనని, 1633లో నాటారని చెప్పుకుంటారు. మాను కొంత ఎత్తుకు రాగానే నిట్టనిలువుగా లేచిన లావు కొమ్మలుగా చీలి, పెద్ద దీపపు సెమ్మెలా నిలబడి ఉంటుంది. ఆ కొమ్మల మధ్య ఫ్రెంచ్ సైనికులు ఫిరంగి నిలబెట్టారని, అందుకే దీన్ని నరకకుండా వదిలేశారని ఊళ్ళో కథ. నిజమో కాదో గానీ, చుట్టూ ఉన్న చెట్లన్నీ పోయిన యుద్ధంలో ఇది మిగిలిందంటే అలాంటి కథ పుట్టక తప్పదు. దాని బెరడును దగ్గరగా చూడండి, నిలువు చారలుగా, నారలా పేలి ఉంటుంది. కంచె దాటవద్దు, వేళ్ళు నేలపైకే ఉంటాయి.

మూడో అడుగు: విగ్రహాల బాట, పెద్ద చెరువు

పార్తెర్ నుంచి ఉత్తరంగా కాస్త నడిస్తే, రెండు వైపులా రాజుల విగ్రహాలున్న బాట వస్తుంది. మ్యాపులో దాని పేరు పసేయో దె లా అర్హెంతీనా. ఈ తెల్లరాతి రాజులను తోట కోసం చెక్కలేదు. 18వ శతాబ్దంలో కొత్త రాజభవనం పైకప్పు అంచున నిలబెట్టడానికి చేయించి, తర్వాత దించేసి ఊరంతా పంచిపెట్టారు. అంత ఎత్తున ఉంటే కింద నుంచి చూసేవాళ్ళకు ఆనాలి కదా, అందుకే ముఖాలు మొరటుగా, గడ్డాలు దట్టంగా చెక్కి ఉంటాయి.

బాట చివర చెరువు. నాలుగో ఫిలిప్ కాలంలోనే తవ్వించారు. ఇటలీ నుంచి రప్పించిన కోసిమో లోత్తి ఈ నీళ్ళ మధ్య రంగస్థలం కట్టి నాటకాలు ఆడించాడు. రాజు పడవలో కూర్చుని చూసేవాడు. ఉత్తుత్తి నౌకాయుద్ధాలు కూడా జరిగేవి. ఇప్పుడు పడవలు అందరివీ. తెడ్లు మీరే వేసుకోవాలి, ఒక్కో పడవలో నలుగురి దాకా ఎక్కొచ్చు, సమయం 45 నిమిషాలు. పడవకు ఇంత అని తీసుకుంటారు, మనిషికి కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా 6 యూరోలు, శని ఆదివారాల్లో, సెలవుల్లో 8 యూరోలు. శని ఆదివారాల్లో పదకొండు దాటితే క్యూ పెరిగిపోతుంది కాబట్టి తెరవగానే వెళ్ళిపోండి. ఫోను మెడలో తగిలించుకునే సంచీలో పెట్టుకోండి. 2001లో చెరువు నీళ్ళు తోడేసినప్పుడు అడుగున కుర్చీలు, బల్లలు, పడవలతో పాటు మొబైల్ ఫోన్లూ దొరికాయి.

అవతలి గట్టున అర్ధచంద్రాకారంలో స్తంభాల వరుస, మధ్యలో గుర్రం మీద ఆల్ఫోన్సో పన్నెండో రాజు. గుర్రపు విగ్రహం చేసింది మరియానో బెన్‌యూరె, ప్రారంభం 1922లో. ఫొటోకు పడమటి గట్టు నుంచి సాయంత్రం తీయడం మేలు, ఎండ నేరుగా స్తంభాల మీద పడుతుంది. ఉదయం వెళ్తే మెట్ల మీద కూర్చుని, వెనక్కి తిరిగి చెరువును చూడండి.

ఈ గట్టున జేబుదొంగలు ఉంటారు. రోజ్‌మేరీ కొమ్మ చేతిలో పెట్టి, చేయి చూస్తానని చెప్పి డబ్బులడిగేవాళ్ళూ ఉంటారు. చేయి చాచకుండా ‘నో, గ్రాసియాస్’ అని నడిచిపోతే చాలు, వాదన పెట్టుకోవద్దు.

నాలుగో అడుగు: రెండు ప్రదర్శనశాలలు

చెరువు నుంచి దక్షిణంగా చెట్ల మధ్య నడిస్తే ముందు వెలాస్కెజ్ భవనం వస్తుంది. చిత్రకారుడు వెలాస్కెజ్ పేరు కాదిది, కట్టిన ఆర్కిటెక్ట్ రికార్దో వెలాస్కెజ్ బోస్కో పేరు. 1883లో జరిగిన గనుల ప్రదర్శన కోసం కట్టారు. ఎర్ర ఇటుక గోడల మీద దానియెల్ సులోఆగ చేసిన రంగు పలకలు చూడతగ్గవి.

కొద్ది దూరంలో అదే ఆర్కిటెక్ట్ 1887లో కట్టిన గాజు భవనం, పలాసియో దె క్రిస్తాల్. ఇనుప చట్రం, నిండా గాజు, ముందు చిన్న కొలను. రెండింటినీ రీనా సోఫియా మ్యూజియం నడుపుతుంది, ప్రదర్శనలకు ప్రవేశం ఉచితం. గాజు భవనాన్ని 2023లో పెద్ద మరమ్మతులకు మూసేశారు. కాబట్టి తెరిచారో లేదో మ్యూజియం వెబ్‌సైట్‌లో చూడకుండా దీనికోసమే ప్లాన్ వేసుకోవద్దు.

లోపలికి వెళ్ళగలిగినా లేకపోయినా, ఇది ఎందుకు కట్టారో తెలుసుకుని చూడాలి. అప్పట్లో ఫిలిప్పీన్స్ స్పెయిన్ వలస రాజ్యం. అక్కడి పంటలు, మొక్కలు, వస్తువులు మాడ్రిడ్ జనానికి చూపడానికి ప్రదర్శన పెట్టారు, ఉష్ణమండలపు మొక్కల కోసం ఈ గాజు ఇల్లు కట్టారు. మొక్కలతో పాటు మనుషులను కూడా తీసుకొచ్చి ప్రదర్శనలో పెట్టారు. వారిలో కొందరు మాడ్రిడ్‌లోనే చనిపోయారు. ఫిలిప్పీన్స్ నాయకుడు హోసె రిసాల్ అప్పుడే దీన్ని తీవ్రంగా నిరసించాడు. వలస పాలన కింద బతికిన దేశం నుంచి వెళ్ళే మనం ఈ సంగతి తెలియకుండా గాజు మెరుపు ముందు సెల్ఫీ దిగి రావడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

కొలనులో నీళ్ళలోంచే లేచిన సైప్రస్ చెట్లు ఉన్నాయి. సూదుల్లాంటి వాటి ఆకులు నవంబర్‌లో ఇటుక రంగుకు మారి రాలిపోతాయి. మరమ్మతులు నడుస్తున్నా ఆ చెట్ల కోసం ఇటు రావచ్చు.

ఐదో అడుగు: పతన దేవదూత, గులాబీలు

ఇంకా దక్షిణంగా వెళ్తే రోడ్లు కలిసే చోట ఒక ఫౌంటెన్, పైన కంచు విగ్రహం. స్వర్గం నుంచి తోసివేయబడిన దేవదూత, అంటే సైతాను. రికార్దో బెల్వెర్ చేసింది, 1885 నుంచి ఇక్కడ ఉంది. చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి. ఒక పక్క నుంచి రెక్క ఆకాశం వైపు లేచి కనిపిస్తుంది. ఇంకో పక్కకు వస్తే పాము కాలికీ చేతికీ చుట్టుకుని కిందికి లాగుతూ ఉంటుంది. నోరు తెరిచి అరుస్తున్న ముఖం మరో వైపు. కింద దిమ్మె మీద దెయ్యపు తలలు, వాటి గుప్పిట్లో బల్లులు, పాములు. విగ్రహం సరిగ్గా సముద్రమట్టానికి 666 మీటర్ల ఎత్తున ఉందని గైడ్లు చెబుతారు. ఊరి ఎత్తు సుమారుగా అంతే కాబట్టి ఆ కథ బాగా నిలిచిపోయింది.

పక్కనే గులాబీ తోట. తోటమాలిగా మొదలై నగర ఉద్యానాల అధిపతి అయిన సెసీలియో రోద్రీగెజ్ 1915లో వేశాడు. నాలుగు వేలకు పైగా గులాబీ మొక్కలున్నాయి. మే మధ్యలో వెళ్తే తోటలోకి అడుగుపెట్టక ముందే వాసన వస్తుంది. డిసెంబర్ నుంచి మార్చి మధ్య వెళ్ళేవాళ్ళు దీన్ని వదిలేయొచ్చు, కత్తిరించిన కొమ్మలు తప్ప ఏమీ ఉండవు.

ఇక్కడి నుంచి కిందికి దిగేటప్పుడు, చిన్న గుట్ట మీద సైప్రస్, ఆలివ్ చెట్ల వనం కనిపిస్తుంది. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్ళలో జరిగిన పేలుళ్ళలో చనిపోయిన 191 మందికీ, ఆ తర్వాత ఉగ్రవాదులు తమను తాము పేల్చుకున్నప్పుడు మరణించిన పోలీసుకూ కలిపి 192 చెట్లు నాటారు. పిల్లల్ని ఆడుకోనివ్వకండి, గట్టిగా మాట్లాడకండి.

బయటికి వచ్చాక

దక్షిణ పడమర గేటు దాటగానే మొయానో వాలు. 1925 నుంచి ఇక్కడ చెక్క గదుల్లో పాత పుస్తకాలు అమ్ముతున్నారు. స్పానిష్ రాకపోయినా పాత మ్యాపులు, బొమ్మల పుస్తకాలు దొరుకుతాయి. వాలు దిగితే ప్రాదో పది నిమిషాలు కూడా పట్టదు. కాళ్ళలో ఓపిక ఉంటే అదే రోజు వెళ్ళండి. ఉదయం బయటి నుంచి చూసిన సభామందిరం గోడల మీది బొమ్మలు ఇప్పుడు అక్కడే ఉన్నాయి: వెలాస్కెజ్ వేసిన ‘బ్రెదా లొంగుబాటు’, రాజకుటుంబం గుర్రాల మీద ఉన్న చిత్రాలు, జుర్బరాన్ వేసిన హెర్క్యులెస్ వరుస. సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం 6 నుంచి 8 వరకు, ఆదివారం 5 నుంచి 7 వరకు ఉచిత ప్రవేశం. క్యూ ముందే మొదలవుతుంది కాబట్టి అరగంటైనా ముందు చేరండి.

ఈ దారంతా తీరిగ్గా నడిస్తే మూడున్నర నుంచి నాలుగు గంటలు పడుతుంది.

ఇంకో పూట ఉంటే: తూర్పు వైపు

పర్యాటకులు తక్కువగా వచ్చే భాగం ఇది. తొమ్మిదో లైన్‌లో ఇబీసా స్టేషన్‌లో దిగితే దగ్గర. రాజుల కాలం నాటి జంతుశాల ఇక్కడ 1972 దాకా నడిచింది, తర్వాత జంతువులను ఊళ్ళోని మరో పెద్ద పార్కు కాసా దె కాంపోకు తరలించారు. ఆ కట్టడంలో 2013 నుంచి ఎయుహేనియో త్రియాస్ గ్రంథాలయం ఉంది. పాత బోనుల గోడలు ఇంకా గుర్తుపట్టొచ్చు. కాసేపు చల్లగా కూర్చోవాలంటే మంచి చోటు. పక్కనే సెసీలియో రోద్రీగెజ్ పేరుతో ఉన్న తోటలో నెమళ్ళు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. వాటికి మేత వేయకండి. పిల్లలుంటే ఈ తోటనే ముందు పెట్టుకోండి.

అక్కడి నుంచి ఉత్తరంగా నడిస్తే ఈశాన్య మూలలో ఏడో ఫెర్నాందో రాజు సరదాకు కట్టించుకున్నవి రెండు: చిన్న కొలనులో జాలరి ఇల్లు, దాని దగ్గరే కృత్రిమ కొండ. వాటి పక్కన ఒక పాత గుడి గోడలు ఉన్నాయి. అవిలా అనే ఊరి నుంచి రాళ్ళు తెచ్చి నిలబెట్టిన, రోమనెస్క్ అనే మధ్యయుగపు శైలి చర్చి శిథిలాలవి, పార్కు కంటే కొన్ని వందల ఏళ్ళు పాతవి. ఆ మూల గేటులోంచి బయటికి వస్తే ప్రిన్సిపె దె వెర్గారా మెట్రో దగ్గరే. అక్కడ రెండో, తొమ్మిదో లైన్లు రెండూ ఆగుతాయి.